చల్లటి రోజు చూసి పెట్టుకో

మా మేడమ్ పోయారని ఫోన్లో చెప్పింది నాతో పాటు డిగ్రీ చదివిన అమ్మాయి. అప్పుడు నేను చెన్నైలో ఆఫీసు మెట్ల మీద ఉన్నాను. గుండె ఆగిపోయిందని చెప్పింది. కాలేజీలో క్లాసు ముగించుకుని స్టాఫ్ రూముకు వచ్చి, ఎప్పటిలాగే కూర్చోకుండా నిలబడి నీళ్ళు తాగుతూ పడిపోయారట. ఫోను పెట్టేశాక నేను పైకి పోవాలో కిందికి పోవాలో తెలియక కాసేపు ఎక్కాను, కాసేపు దిగాను.

తిరుపతి చేరేసరికి అంతా అయిపోయింది. వాకిట్లో వాళ్ళ తమ్ముడు కుర్చీ చూపించి కూర్చోమన్నారు. కూర్చోలేకపోయాను. ఆ ఇంట్లో నేను ఎప్పుడు కూర్చున్నా నేల మీదే, చుట్టూ స్క్రూలు పరుచుకుని. మేడమ్ ఎడమ చేతి బొటనవేలి గోరుకు రంగు ఉండిందా అని ఆయన్ని అడగాలనిపించింది. చావింట్లో అడిగే మాట కాదు కాబట్టి నోరు మూసుకున్నాను. ఆ మాట ఇప్పటికీ లోపల తిరుగుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

మేడమ్ మాకు ఫిజిక్స్ చెప్పేవారు. కంప్యూటర్ పేపరుకు మనిషి దొరక్కపోవడంతో అదీ ఆమె మీదే పడింది. మా ఆడపిల్లల కాలేజీలో అప్పట్లో కంప్యూటర్ల గది గర్భగుడితో సమానం. చెప్పులు బయట విడవాలి. కిటికీలకు నీలం పరదాలు. ఒక్కో కంప్యూటరుకు ముగ్గురం. ఒకరు కీబోర్డు ముట్టుకుంటే ఇద్దరు చూడాలి. నేను ఎప్పుడూ చూసేవాళ్ళలోనే ఉండేదాన్ని. తెరమీద ఇంగ్లీషు నేను కూడబలుక్కునే లోపల పక్కవాళ్ళు పని ముగించేసేవారు.

మాది నగరి. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. నాయన, పెదనాయన కలిసి ఒక షెడ్డులో మరమగ్గాలు నడిపేవారు. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులో పెరిగినందువల్ల తిరుపతి హాస్టల్లో నిశ్శబ్దానికి నిద్ర పట్టేది కాదు.

ఒకరోజు మేడమ్ క్లాసులో కంప్యూటర్ వేగం గురించి చెబుతున్నారు. లోపలి బోర్డు ఒక దరువు వేస్తుంది, ప్రాసెసరు ఆ దరువుకు ఇన్ని రెట్లు అని పరిగెడుతుంది, ఆ రెట్లను మాత్రం కంపెనీవాళ్ళు మార్చడానికి వీల్లేకుండా బిగించి పంపుతారు అన్నారు. అయితే మనం వేగం పెంచాలంటే ఏం చేయాలి అని అడిగారు. నా నోట్లోంచి వచ్చేసింది, మోటారు పుల్లీ మారిస్తే సరిపోదా మేడమ్ అని.

క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. చాక్‌పీసు పట్టుకుని నా బెంచీ దగ్గరికే వచ్చారు.

"ఏ పుల్లీ? యాడిది? చెప్పు పాపా."

చెప్పాను. మగ్గాన్ని మనం ముట్టుకోం. మోటారుకు ఉన్న పుల్లీ తీసి కొంచెం పెద్దది వేస్తే అదే మగ్గం త్వరగా ఆడుతుంది, గుడ్డ ఎక్కువ వస్తుంది. కానీ నూలు ఒక హద్దు వరకే తట్టుకుంటుంది. ఆ తర్వాత పోగులు తెగుతాయి, వాటిని అతకడానికే పొద్దంతా సరిపోతుంది.

"మరి ఎంత పుల్లీ వేయాలనేది మీ నాయనకు ఎట్లా తెలస్తాది?"

"తెగిందాకా పెంచి, ఒక మెట్టు దిగతాడు మేడమ్."

ఆమె బోర్డు దగ్గరికి వెళ్ళి అంతవరకు రాసిందంతా తుడిచేసి, పెద్ద పుల్లీ బొమ్మ గీశారు. సాయంత్రం ఇంటికి రమ్మన్నారు.

ఇల్లంటే మేడ మీద రెండు గదులు. ఒక గదిలో బల్ల మీద కంప్యూటరు, పక్కలంతా విప్పేసి, లోపలి తీగలన్నీ బయటికి కనబడుతూ. దాని మూత ఏదని అడిగితే బయటికి చూపించారు. మేడ మీద ఎండలో ఆ రేకు మీద మిరపకాయలు ఆరుతున్నాయి. నేను ఆ ఇంటికి వెళ్ళినన్నాళ్ళూ ఆ మూత దాని చోటికి చేరింది లేదు. వేసవిలో మిరపకాయలు, మిగతా రోజుల్లో వడియాలు.

మేడమ్ ఒకచోట నిలిచే మనిషి కాదు. కాఫీ సగం తాగి ఎక్కడో పెట్టి మరిచిపోయేవారు. పేపరు నడుస్తూ చదివేవారు. బస్సులో సీటు దొరికినా రెండు స్టాపులకు ఇంకో సీటుకు మారేవారు. ఇంట్లో మంచం ఈ వారం ఉన్నచోట వచ్చే వారం ఉండేది కాదు. కంప్యూటరు బాగా నడుస్తున్నప్పుడే దాన్ని విప్పాలనిపించేది ఆమెకు. పని చేస్తా ఉండాది గదా మేడమ్, వదిలేద్దాం అంటే వినేవారు కాదు.

"పని చేస్తా ఉండాదంటే ఏం తెలిసినట్టు పాపా? ఇంకెంత చేస్తాదో తెలీనట్టే గదా."

ఒక్క పనిలో మాత్రం నిలకడ ఉండేది. నడుస్తున్న ప్రాసెసరుకు బిగించిన లోహపు పలక మీద, జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు, అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకునేవారు. అంతసేపు ఊరికే ఉండడం ఆమెను ఇంకెప్పుడూ చూడలేదు.

నా డిగ్రీ చివరి ఏడాదికి ఇంట్లో మాట మొదలైంది. డిగ్రీ చాలు, వచ్చి నూలు కండెలు చుట్టుకుంటూ షెడ్డు చూసుకోమన్నాడు పెదనాయన. నాకు ఎం.సి.ఎ. చేరాలని. పెదనాయన మాట దాటి నాయన ఏదీ చేసినవాడు కాదు. నేను అన్నం మానేసి ఏడిస్తే, ఒక దారి మాత్రం చెప్పాడు.

"నువ్వు నేర్చింది మన షెడ్డులోకి పనికొస్తాదని మా అన్నకు ఒక్క తూరి కండ్లారా చూపియ్. ఆ పైన నేను మాట్లాడతా."

ఏం చూపించాలో నాకు తెలుసు. మా చీరల అంచుకు కొత్త డిజైను వేయాలంటే ముందు గ్రాఫు కాగితం మీద ఒక్కో పోగుకు ఒక్కో గడి చొప్పున రంగు నింపాలి. పెదనాయన కళ్ళద్దాలు పెట్టుకుని రోజుల తరబడి నింపేవాడు. ఒక గడి తప్పితే చీర పొడవునా ఆ తప్పే నేస్తూ పోతుంది. ఒక్క పువ్వు గీస్తే అంచు మొత్తం తానే నింపే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాను. రాయగలిగాను కూడా. కాలేజీ కంప్యూటరు మీద అది ఒక్కో వరసా నింపుకుంటూ మెల్లగా ఈడ్చేది. పెదనాయన అంతసేపు నిలబడడు మేడమ్ అన్నాను. ఆ మాట వినగానే ఆమె కళ్ళు మెరిశాయి. తనకు కావలసిన సాకు దొరికింది.

నా స్కాలర్‌షిప్పు, ఆమె ఇంట్లో పడున్న పాత భాగాలు కలిపి, తక్కువపడినవి కొనడానికి ఇద్దరం చెన్నై వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో బస్సు నిండా కొండకు పోయేవాళ్ళు. బోర్డు ఉన్న అట్టపెట్టె కింద పెట్టనివ్వకుండా మేడమ్ ఒళ్ళో పెట్టుకున్నారు. పక్కనున్న తమిళ అవ్వ పెట్టెను తడిమి చీరా అని అడిగింది. చీరలు నేసేది అవ్వా అని మేడమ్ తమిళంలో చెప్పారు. అవ్వ నమ్మి, దారంతా పెట్టెకు మోచెయ్యి తగలకుండా సర్దుకుని కూర్చుంది.

ప్రాసెసరు పాటల క్యాసెట్టులా ఉండేది. కింది అంచున బంగారు రంగు పళ్ళ వరుస. మేము కొన్నది చవక రకం. దాని పళ్ళలో ఒక్కదాన్ని కప్పేస్తే బోర్డు అది ఖరీదైన రకం అనుకుని అరవై ఆరుకు బదులు వంద దరువు వేస్తుందని మేడమ్ ఎక్కడో చదివారు. కప్పడానికి మంచి మందు గోళ్ళరంగు. ఇద్దరికీ ఎప్పుడూ పెట్టుకున్న అలవాటు లేదు. గుడి వీధిలో గాజుల అంగడికి వెళ్ళాం. ఏ రంగు కావాలమ్మా అని అంగడాయన అడిగితే మేడమ్, "తొందరగా ఆరేది" అన్నారు. ఆరుతుందో లేదో చూడటానికి అక్కడే తన ఎడమ బొటనవేలి గోరుకు పూసుకున్నారు. ఎర్రది. ఆ తర్వాత కూడా ఏ ప్రాసెసరుకు రంగు పెట్టినా ముందు ఆ గోటి మీదే పరీక్ష. మిగతా తొమ్మిదీ ఖాళీగా, అదొక్కటీ ఎర్రగా చూసి కాలేజీలో పిల్లలు ఏవేవో కథలు అల్లుకునేవారు. ఆమె ఏ కథనూ కాదనలేదు.

అగ్గిపుల్ల కొసతో ఆ పన్ను మీద రంగు పెట్టాను. చెయ్యి వణుకుతుంటే మేడమ్ నా మణికట్టు పట్టుకున్నారు, కానీ పని నాతోనే చేయించారు. మొదటిసారి స్విచ్చి వేస్తే తెర నల్లగానే ఉంది. మెమరీ ముక్క సరిగా దిగలేదు, నొక్కి పెట్టాం. రెండోసారి తెర వెలిగి, వేగం మూడు వందలు చూపాల్సిన చోట నాలుగు వందల యాభై అని చూపింది. మేడమ్ బయటికి వెళ్ళి మేడ మీద ఒక చుట్టు తిరిగి వచ్చారు. వచ్చి మళ్ళీ ఆ అంకె చూసి, మళ్ళీ ఒక చుట్టు తిరిగారు.

తర్వాత చాలా రోజులు దాన్ని అలసిపోయేలా పరిగెత్తించడమే మా పని. మధ్యమధ్య హఠాత్తుగా బిగుసుకుపోయేది. నేను ఉసూరుమంటే మేడమ్ ఊరుకునేవారు కాదు. "ఆగిపోయిందని కోపం తెచ్చుకోబాకు. యాడ ఆగిందో చూడు. నోరు లేని దానికి అదే మాట." చల్లటి మార్గశిరంలో, గాలి ఆడే ఆ మేడ మీద, చివరికి అది ఆగకుండా నడిచింది. నా ప్రోగ్రాము అంచును గబగబా నింపేసేది.

పరీక్షలయ్యాక నాయన వచ్చి దాన్ని బస్సులో నగరికి తీసుకుపోయాడు. అప్పటికి ఎండలు ముదిరాయి. షెడ్డులో ఒక మూల, మగ్గాలకు దూరంగానే పెట్టాం. కానీ షెడ్డులో గాలి అంటేనే నూలు దుమ్ము. చూపించే రోజు పొద్దున అమ్మ మగ్గానికి పెట్టినట్టే పెట్టెకు గంధం, కుంకుమ పెట్టింది. నేను బస్టాండుకు పోయి మేడమ్‌ను పిలుచుకొచ్చాను.

పెదనాయన చేతులు వెనక కట్టుకుని నిలబడి, "టీవీ బాగుండాది. సినిమా ఎప్పుడేస్తారు?" అన్నాడు. నేను మామిడి పిందె ఒకటి గీసి మీట నొక్కాను. అంచు సగం దాకా సర్రున నిండి ఆగిపోయింది. తెర మీద ఏమీ కదల్లేదు. ఆపి మళ్ళీ పెట్టాను. ఈసారి ఇంకా ముందే ఆగింది.

"ఏమప్పా, పోగు తెగినట్టుండాది" అన్నాడు పెదనాయన మా నాయనతో. "అతకమను."

నాకు కళ్ళ ముందు ఎం.సి.ఎ. లేదు, తిరుపతి లేదు, కండెలు చుట్టే రాట్నం ఒక్కటే ఉంది. మేడమ్ కరెంటు తీయించి, మూత విప్పి లోపలికి వంగారు. నేనూ వంగాను. ప్రాసెసరు మీది చిన్న ఫ్యాను రెక్కలకు నూలు దుమ్ము నల్లటి ముద్దలా పట్టుకుని ఉంది. వేలు పెట్టి తిప్పితే తిరగడం లేదు, కింద పలక కాలిపోతోంది. మగ్గం నూనె వాసన గుప్పుమంది.

మా షెడ్డులో ఏది కీచుమన్నా మందు ఒకటే, నూనె. చవక ఫ్యాను ముందు రోజు నుంచీ కీచుమంటోంది. చూపించే వేళకు చప్పుడు వస్తే అన్న నవ్వుతాడని మా నాయన దానికి, మగ్గానికి పోసినంత ధారాళంగా పోశాడు, దుమ్మంతా ఆ నూనెకే అంటుకుంది. నేను తలెత్తి చూస్తే ఆయన నేల చూస్తూ కుడి చేతి వేళ్ళు తువ్వాలుకు తుడుచుకుంటున్నాడు. మేడమ్ కూడా చూశారు. ఆ ఒక్క మాట అక్కడ బయటపడి ఉంటే పెదనాయన ఏడాది పొడవునా మా నాయనను ఏడిపించేవాడు. నాయన ఇంక ఆ పెట్టె పేరు ఎత్తనిచ్చేవాడు కాదు, నా చదువు పేరు కూడా.

మేడమ్ నడుం నిలబెట్టి పెదనాయన వైపు తిరిగారు.

"తప్పు నాది పెద్దన్నా. పాప చేసిందంతా సరిగానే ఉండాది. దీనికి ఉండాల్సిన దానికంటే వేగం పెట్టించింది నేను."

"అంత చదివినోళ్ళు గూడా ఆశకు పోతారా?"

"పోతాం. మీరు పుల్లీ మార్చలేదా?"

పెదనాయన పకపకా నవ్వాడు. ఆ షెడ్డులో అందరికంటే పెద్ద పుల్లీలు వేసి అందరికంటే ఎక్కువ నూలు తెంపింది ఆయనే.

మేడమ్ కొంగుతో ఫ్యానును తుడిచారు. అది సాఫీగా తిరిగింది. అంతటితో ఆపి మూత వేసి ఉంటే ఆ వేగంతోనే నడిచేదని నాకు తెలుసు, ఆమెకు నాకంటే బాగా తెలుసు. అయినా ఆడిన మాటకు తగ్గట్టే ప్రాసెసరు ఊడదీసి, నేను పెట్టిన ఎర్ర రంగును తన గోటితో గీకేశారు. గీకుతుంటే ఆమె ముఖం చూడలేకపోయాను.

ఈసారి అంచు మెల్లగా నిండింది, ఒక్కో వరసా పైనుంచి కిందికి. నేను భయపడినట్టు పెదనాయన విసుక్కుని పోలేదు. ఆ మెల్లదనం ఆయనకు తెలిసిన నడక. మగ్గం మీద గుడ్డ దిగుతున్నట్టే చూస్తూ నిలబడ్డాడు. సగం నిండాక కళ్ళద్దాలు తెప్పించుకున్నాడు. మొత్తం నిండాక తెర దగ్గరికి వంగి, "ఆ పిందె రవంత పక్కకు జరిపితే జరగతాదా మే?" అని నన్నడిగాడు. జరిపాను. మళ్ళీ మొదటి నుంచి మెల్లగా నిండింది. ఆయన మళ్ళీ నిలబడ్డాడు. ఇంకోసారి జరపమన్నాడు.

సాయంత్రం బస్టాండులో నాయన మేడమ్‌తో ఏదో చెప్పబోయాడు. ఎండగా ఉండాది, మీరు ఇంటికి పోండన్నా అని ఆమె ఆ మాట పూర్తి కానివ్వలేదు. బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుని నన్ను పిలిచారు.

"కొత్త ఫ్యాను వేసుకో. చల్లటి రోజు చూసి ఆ రంగు మళ్ళీ పెట్టుకో. అది ఆ వేగానికి ఓర్చుకుంటాది, నాకు తెలుసు."

బస్సు కదిలాక చూస్తే ఆమె అప్పుడే ఇంకో సీటుకు మారుతున్నారు.

అన్నం తినేటప్పుడు నాయన, "ఆయమ్మ కొంగంతా నూనే" అన్నాడు. ఆ తర్వాత కాలేజీలో ఎప్పుడు చేరాలని అడిగాడు.

ఎం.సి.ఎ. అయింది, ఉద్యోగం వచ్చింది. మేడమ్ ఎప్పుడు ఫోను చేసినా, ఎలా ఉన్నావని అడగడానికి ముందు "పెట్టినావా?" అని అడిగేవారు. ఒకసారి ఎండలన్నాను, ఒకసారి సెలవు లేదన్నాను. గీకేసిన ఆ చోటు మళ్ళీ ముట్టుకోవడానికి నాకు మనసు రాలేదని మాత్రం చెప్పలేదు. కిందటి ఏడాది డాక్టర్లు ఆమెను మెట్లు ఎక్కొద్దన్నారు. అయినా ఆమె మేడ మీది గదులు వదల్లేదు. ఎందుకు మేడమ్ అంటే, ఎంత తగ్గించుకుంటే సరిపోతుందో ఒక్కో మెట్టుగా చూస్తున్నానని నవ్వారు.

మేడమ్ ఇంటి నుంచి చెన్నైకి పోకుండా నేరుగా నగరి వచ్చాను. ఊరంతా ముసురు పట్టింది. చెట్లు, రేకులు, మనుషులు, అంతా తడిగా, చల్లగా ఉంది. బస్టాండు పక్క అంగట్లో ఎర్ర గోళ్ళరంగు కొన్నాను. షెడ్డు మూలలో కంప్యూటరు పాత లుంగీ కప్పుకుని ఉంది. ఇన్నేళ్ళూ నాయన దానికి దుమ్ము పట్టనివ్వలేదు. నేను ఎప్పుడో వేసిన కొత్త ఫ్యాను శుభ్రంగా ఉంది. ప్రాసెసరు తీసి వెలుతురులో పెట్టి చూశాను. ఆ పన్ను మీద సన్నటి గీత, మేడమ్ గోటిది.

ఆరుతుందో లేదో నా బొటనవేలి గోరు మీద చూసుకుని, అగ్గిపుల్ల కొసతో ఆ గీత మీద రంగు పెట్టాను. ఈసారి మణికట్టు పట్టుకునేవాళ్ళు లేరు. అయినా సరిగానే పడింది. బిగించి స్విచ్చి వేశాను. నాలుగు వందల యాభై. ఆ రోజు ఆగిపోయిన మామిడి పిందెనే తెరిచి మీట నొక్కాను. అంచు సగం దాటింది, చివర దాకా సర్రున నిండింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ నిండింది. ఆపలేక నొక్కుతూనే ఉన్నాను.

నాయన మగ్గం వదిలి వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఎవరు పోయారో అమ్మ చెప్పినట్టుంది. తెర చూశాడు, నా గోరు చూశాడు. మూత లేని పెట్టెలోకి చెయ్యి పెట్టి ఆ లోహపు పలక మీద, మేడమ్ పెట్టినట్టే, అరచెయ్యి ఆనించాడు. తీయలేదు.

"ఈ తూరి నేనేం నూనె పొయ్యలేదమ్మా" అన్నాడు. "పోనీ దాన్ని."